ప్రతినాయకుడి చావు: కడప సీమలో పునఃప్రదర్శనలు, పేరడీలు

కథలో దుష్టుడు చచ్చే ఘట్టాన్ని జనం తమంతట తాము మళ్లీ ఆడి చూపడం, అదే ఊపులో దాన్ని వెక్కిరించడం తెలుగువారి వినోదంలో పాత అలవాటు. టీవీ, ఫోను వచ్చాక దీనికి స్పూఫ్, ట్రోల్, రీల్ అనే కొత్త పేర్లు వచ్చాయి. కడప జిల్లాలో పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతానికి ఈ అలవాటుతో ఉన్న చుట్టరికం మామూలుది కాదు. తెలుగు నాటకరంగంలో అతి పెద్ద కుటుంబ సమాజం ఒక దుష్టుడి చావుతోనే ఇక్కడ పుట్టింది. తెలుగు సినిమాలో అందరికీ గుర్తున్న మాంత్రికుణ్ణి తెరమీదికి తెచ్చిన నిర్మాత ఈ ప్రాంతంవాడు. చచ్చిన ఆ మాంత్రికుణ్ణి మళ్లీ బతికించిన హాస్యనటుడిదీ ఈ ప్రాంతమే.

ఈ ఆటలన్నిటిలో ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అభిమానులు అనుకరించేది చంపినవాణ్ణి కాదు, చచ్చినవాణ్ణి. భీముడి గద ఊపేవాళ్ల కంటే దుర్యోధనుడి మీసం మెలేసేవాళ్లే ఎప్పుడూ ఎక్కువ.

సొరుగులో కీచకుడు

చక్రాయపేట మండలంలోని సురభి గ్రామానికి పూర్వం పేరు సొరుగు. ఈ మండలం పులివెందుల శాసనసభ నియోజకవర్గంలో ఉంది. 1885లో ఈ ఊళ్లో జరిగిన ఒక పెళ్లికి తోలుబొమ్మలు ఆడించే వనారస కుటుంబంవాళ్లను పిలిచారు. మరాఠీ మూలాలున్న ఈ కుటుంబాలు తరతరాలుగా తోలుబొమ్మలాట మీద బతుకుతున్నాయి. ఆ పెళ్లిలో మాత్రం బొమ్మలను పక్కన పెట్టి, మనుషులే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడారు. వనారస గోవిందరావు నడిపించిన ఆ ఆటే సురభి నాటక సమాజానికి నాంది. ఊరి పేరే సమాజం పేరయింది. తర్వాత అది కొమ్మలు కొమ్మలుగా చీలి ఆంధ్రదేశమంతా పాకింది. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టడం, ఒకే కుటుంబంలో మూడు తరాలు ఒకే రాత్రి రంగం మీద కనిపించడం సురభి ప్రత్యేకతలు.

మొదటి ఆటకు కీచకుణ్ణే ఎందుకు ఎంచుకున్నారన్నదానికి ఆ ఘట్టంలోనే జవాబు దొరుకుతుంది. కురుక్షేత్రం ఆడాలంటే సేనలు కావాలి, రథాలు కావాలి. కీచక వధకు ముగ్గురు నలుగురు చాలు. రాత్రి వేళ, నర్తనశాల, మసక వెలుతురు. అప్పుడప్పుడే బొమ్మల వెనక నుంచి బయటికి వచ్చిన నటులకు ఇంతకంటే అనువైన దృశ్యం లేదు. బొమ్మలాటలో యుద్ధం వస్తే కాళ్లకింది చెక్కలను దబదబ తొక్కుతూ చప్పుడు పుట్టించేవాళ్లు. కీచక భీముల కుస్తీకి ఆ చప్పుడే సగం ప్రాణం.

ఇంకో కారణం కూడా తోస్తుంది. ఈ ఘట్టం సగం దూరం ప్రహసనంగానే నడుస్తుంది. అత్తరు పూసుకుని, పూలదండలు వేసుకుని, సైరంధ్రి కోసం తహతహలాడుతూ కీచకుడు చీకట్లోకి వస్తాడు. అక్కడ ముసుగు తన్ని పడుకున్నది భీముడు. ప్రేక్షకుడికి ఆ సంగతి ముందే తెలుసు, కీచకుడికి తెలియదు. తన అందాన్ని తానే పొగుడుకుంటూ వాడు ముసుగు మీద చెయ్యి వేసేసరికి పందిరంతా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగకముందే వాడి మెడ భీముడి చేతిలో ఉంటుంది. తిక్కన విరాటపర్వంలోనూ ఈ రెండు రుచులూ పక్కపక్కనే ఉన్నాయి. భీముడు వాణ్ణి ఆనవాలు దొరకని మాంసపు ముద్ద చేసి వదులుతాడు. ఇలాంటి ఘట్టానికి వెక్కిరింత తర్వాతెప్పుడో బయటివాళ్లు చేర్చాల్సిన పని లేదు. అది మొదటినుంచీ లోపలే ఉంది.

కీచకుడి ఇతర చావులు

సొరుగు ఆట తర్వాత ఈ ఘట్టం దేశంలో చాలా చోట్ల చాలా పనులు చేసింది. మరాఠీ నాటకకర్త కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ 1907లో ‘కీచకవధ్’ రాసినప్పుడు ప్రేక్షకులు కీచకుడిలో వైస్రాయి కర్జన్‌ను చూశారు. ప్రభుత్వం కూడా అతన్నే చూసింది కాబట్టి 1910లో నాటకాన్ని నిషేధించింది. పురాణ దుష్టుడి చావు దొరల మీద వ్యంగ్యంగా మారిన ఉదాహరణల్లో ఇంతకంటే స్పష్టమైనది దొరకడం కష్టం. 1917–18 ప్రాంతంలో మద్రాసులో నటరాజ మొదలియార్ తీసిన దక్షిణాది తొలి కథాచిత్రం కూడా ‘కీచక వధ’మే. అది మూకీ. సురభివాళ్ల లాగానే మొదలియార్ కూడా కొత్త పనిముట్టు చేతికి రాగానే ఈ చావునే ఎంచుకోవడం గమనించాలి.

తెలుగువాళ్ల మనసులో ఉన్న కీచకుడు మాత్రం 1963 నాటి ‘నర్తనశాల’లో ఎస్.వి. రంగారావే. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో భీముడి వేషం బరువులెత్తడంలో పేరుపొందిన దండమూడి రాజగోపాల్‌ది. జకార్తా చలనచిత్రోత్సవంలో రంగారావుకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. బహుమతి పొందింది చంపినవాళ్ల వేషం కాదు, చచ్చినవాడి వేషం. నేపాళ మాంత్రికుడిగా, హిరణ్యకశిపుడిగా, రావణుడిగా, మాయల మరాఠీగా తెరమీద రకరకాలుగా చచ్చిన ఈ నటుడు చావును కూడా ఒక దర్జాతో చేశాడు. మిమిక్రీ కళాకారులు ఆయన నవ్వును తరాలుగా అరువు తెచ్చుకుంటూనే ఉన్నారు.

బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ దూరదర్శన్‌లో 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ దాకా నడిచింది. అందులో కీచకుడు శరత్ సక్సేనా. ఊళ్లో ఉన్న ఒకటి రెండు టీవీల ముందు జనం గుమిగూడిన కాలం అది. ఆదివారం చూసిన పోరాటాన్ని సోమవారం బడి మైదానంలో పిల్లలు మళ్లీ ఆడేవాళ్లు. ప్లాస్టిక్ బాణాలు, అట్టముక్కల కిరీటాలు అమ్మకానికి వచ్చాయి. ఆ పిల్లల ఆటలకు రికార్డు లేదు. కానీ తర్వాతి తరం సెల్‌ఫోన్ నటులకు దగ్గరి పూర్వీకులు వాళ్లే.

నరసింహుణ్ణి పట్టుకోవాలి

హిరణ్యకశిపుడి వధకు ఈ ప్రాంతంలో భౌగోళికమైన చిరునామా కూడా ఉంది. ప్రొద్దుటూరుకు ఉత్తరాన, నంద్యాల జిల్లాలోని అహోబిలం కొండల్లో నరసింహుడు వెలువడిన స్తంభంగా ఉగ్రస్తంభాన్ని, వధ జరిగిన చోటుగా జ్వాలా నరసింహ క్షేత్రాన్ని భక్తులు చూపుతారు. కాబట్టి ఈ ఘట్టాన్ని ఆడేవాళ్లు ఎక్కడో జరిగిన కథను ఆడుతున్నామనుకోరు. పక్క కొండల్లో జరిగినదాన్నే ఆడుతున్నామనుకుంటారు.

తంజావూరు దగ్గర మెలట్టూరులో స్థిరపడిన తెలుగు భాగవతుల కుటుంబాలు నరసింహ జయంతికి ‘ప్రహ్లాద చరిత్ర’ను ఇప్పటికీ తెలుగులోనే ఆడతాయి. కర్త మెలట్టూరు వెంకటరామశాస్త్రి. అక్కడ నరసింహుడి ముఖానికి పూజలు జరుగుతాయి. దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. ముఖం తగిలించుకున్నాక పూనకం వస్తే ఎదుటి నటుడికి ప్రమాదమని నలుగురు మనుషులు అతన్ని గట్టిగా పట్టుకుని ఉంటారు. నరసింహ వేషధారి ఆవేశంలో హిరణ్యకశిపుణ్ణి నిజంగానే చీల్చేశాడన్న కథ తెలుగు నాటక లోకంలో చాలా ఊళ్ల పేర్లతో ప్రచారంలో ఉంది. అది ఎన్ని ఊళ్లకు అంటుకుందో చూస్తే నమ్మకం తగ్గుతుంది గానీ, చావు దృశ్యంలో నటన ఎక్కడ ఆగాలన్న భయాన్ని ఆ కథ చక్కగా చెబుతుంది.

పల్లె ఆటలో ఈ ఘట్టానికి కావలసిన సరంజామా స్వల్పం. నడుముకు లోపల చుట్టిన ఎర్రగుడ్డ పేగులవుతుంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే నెత్తురవుతుంది. ఇంట్లో దిష్టి తీసే నీళ్లూ అవే కాబట్టి తయారీ ఎవరికీ నేర్పక్కర్లేదు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి దీన్ని సురభివాళ్ల నాటకం ఆధారంగా, బొంబాయిలో తీశారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి. అంటే సొరుగులో ఒక దుష్టుడి చావుతో మొదలైన సమాజమే, తెలుగు సినిమా గొంతు విప్పిన రోజున కూడా ఇంకో దుష్టుడి చావును సరఫరా చేసింది.

మట్టి దుర్యోధనుడు

దక్షిణాన చిత్తూరు వైపు, తమిళనాడు సరిహద్దు పల్లెల్లో ద్రౌపది, ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో దుష్టుడి చావు నాటకపు హద్దు దాటి ఊరి పనిగా మారుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఉత్సవం చివర దుర్యోధన వధ మాత్రం రాత్రి కాదు, పట్టపగలు. ఊరిబయట మైదానంలో మట్టితో వెల్లకిలా పడుకున్న పెద్ద దుర్యోధనుణ్ణి తీర్చి, రంగులు వేసి, కళ్లు మీసాలు దిద్దుతారు. వేషధారులైన భీముడు, దుర్యోధనుడు ఆ బొమ్మ చుట్టూ, ఒక్కోసారి బొమ్మ మీదుగానే తరుముకుంటారు. చివరికి భీముడి గద మట్టి తొడ మీద పడుతుంది. తొడలో దాచిన ఎర్రనీళ్లు బయటికి వస్తాయి. విరబోసుకున్న జుట్టును ద్రౌపది ముడి వేసుకునేది అప్పుడే. ఆ తర్వాత జనం బొమ్మ మట్టిని ఇళ్లకు పట్టుకుపోతారు. అదే రోజు సాయంత్రం నిప్పులగుండం. అమెరికన్ పరిశోధకుడు ఆల్ఫ్ హిల్టెబీటెల్ ఈ ద్రౌపది ఆరాధన మీద 1988, 1991 సంవత్సరాల్లో రెండు సంపుటాలు రాశారు.

దుర్యోధనుడి వేషం రెండుగా చీలడం ఇక్కడి తమాషా. పరుగెత్తేవాడు ఒకడు, చచ్చేది ఇంకొకటి. వేషగాడికి దెబ్బ తగలకుండా ఉండడానికి ఇది ఉపాయమే. అయినా ఆ మట్టి మూర్తిని చూసినవాళ్లకు దుర్యోధనుడు చంపదగిన వాడిగా కంటే ఊరికి అతిథిగా వచ్చి పడుకున్న మహారాజుగానే కనిపిస్తాడు.

ఈ గౌరవాన్ని సినిమా ఇంకా పెంచింది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్.టి. రామారావు కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా మూడు వేషాలు కట్టి తానే దర్శకత్వం వహించారు. కొండవీటి వెంకటకవి సంభాషణలు రాశారు. తొడలు విరిగి పడిపోయే దుర్యోధనుడు ఈ సినిమాలో నాయకుడితో సమానం. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన ఘట్టంలో అతను కర్ణుడి పక్షాన అడిగే ప్రశ్నల వరస బడి వార్షికోత్సవాలకు, కాలేజీ హాస్టల్ డేలకు, వినాయక చవితి పందిళ్లకు పాఠ్యాంశంలా స్థిరపడిపోయింది. పాలపళ్లు ఊడని పిల్లవాడు అట్ట గద భుజాన పెట్టుకుని ఊపిరి ఆడకుండా ఆ సంభాషణ చెబుతుంటే తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు. ఆ పిల్లవాడు మధ్యలో మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడితే అదే పేరడీ అవుతుంది.

హాస్యగాడి చోటు, శవం లేవడం

రాయలసీమ తోలుబొమ్మలాటలో యుద్ధాల మధ్య బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు దూరుతారు. రావణుడి కొలువును జుట్టుపోలిగాడు తన మోటు మాటల్లోకి దింపేస్తాడు. కేతిగాడు మహావీరుల నడకను పొట్టికాళ్లతో నడిచి చూపిస్తాడు. ఈ బొమ్మలు కథలో పాత్రలు కావు. కథను పక్కన నిలబడి చూసే మన లాంటివాళ్లు. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళ ఇంకా సజీవంగా ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఒక రాత్రి ఆటలో గంభీరమూ వెక్కిరింతా వేర్వేరు అంగళ్లు పెట్టుకోవడం లేదన్నది ఈ బొమ్మల వల్ల తెలిసే ముఖ్య విషయం. ఇవాళ్టి పేరడీని సంస్కృతి పతనంగా చూసేవాళ్లు ఒక్క రాత్రి ఈ ఆట ముందు కూర్చుంటే చాలు.

పద్యనాటకాల కాలంలో దీనికి ఇంకో రూపం ఉండేది. నచ్చిన పద్యానికి ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ కొట్టేవాళ్లు. అలా అడిగితే నటుడు మళ్లీ పాడక తప్పదు. చచ్చే ముందు పాడిన పద్యానికి వన్స్‌మోర్ పడితే? పడిపోయిన వీరుడు లేచి, దుమ్ము దులుపుకుని, హార్మోనియం శ్రుతి అందుకుని మళ్లీ పాడి మళ్లీ చచ్చిన కథలు పాత నటుల జ్ఞాపకాల నిండా ఉన్నాయి.

ఈ సంప్రదాయాన్ని సినిమాలోకి తెచ్చినవాడని చెప్పదగినది పులివెందుల ప్రాంతపు మనిషి. పద్మనాభం 1931లో సింహాద్రిపురంలో పుట్టాడు. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజప అతనే. 1951లో వచ్చిన ఆ చిత్రాన్ని చక్రపాణితో కలిసి నిర్మించిన బి. నాగిరెడ్డిది జమ్మలమడుగు వైపు కొండాపురం మండలంలోని పొట్టిపాడు. దర్శకుడు కె.వి. రెడ్డి పక్కనే ఉన్న తాడిపత్రివాడు. ఇందరు సీమవాళ్లు కలిసి చేసిన ఆ కథలో తోటరాముడు మాంత్రికుణ్ణే అమ్మవారికి బలి ఇచ్చేస్తాడు. మామూలు కథ అయితే దుష్టుడి పని అక్కడితో సరి. కానీ సదాజప వచ్చి సంజీవనితో గురువుగారిని లేపి కూర్చోబెడతాడు. చావు దృశ్యాన్ని కొట్టిపారేసే హక్కు హాస్యగాడిదేనని ఇంత సూటిగా చెప్పిన సినిమా ఇంకోటి లేదు. ఆ మాంత్రికుడి గడ్డం, వంగిన నడక, సాగదీసిన పలుకు ఇప్పటికీ టీవీ స్కిట్లలో చెల్లుబాటయ్యే నాణేలు. సురభివాళ్లు ‘పాతాళభైరవి’ని తమ రంగానికి కూడా తెచ్చుకుని తెగిన తలలు, మాయమయ్యే మనుషుల కనికట్టుతో ఆడుతూ వచ్చారు.

సురభి చేతిలో మరో గొప్ప చావు ‘బాలనాగమ్మ’లోది. మాయల ఫకీరు (మాయల మరాఠీ) ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. బాలవర్ధిరాజు ఆ చిలక రెక్క విరిస్తే ఇక్కడ ఫకీరు చెయ్యి విరుగుతుంది, కాలు విరిస్తే కాలు. ముక్కలు ముక్కలుగా, దూరం నుంచి చంపే ఈ పద్ధతి నటుడికి వరం. ఒక్కో అవయవానికి ఒక్కో గెంతు వేయవచ్చు. 1942లో జెమినీ సంస్థ సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు, 1959 నాటి సినిమాలో రంగారావు ఈ వేషం కట్టారు. బుర్రకథలోనైతే రాజు రెక్క విరవగానే పక్క వంత హాస్యగాడు చెయ్యి వాల్చేసి అరుస్తాడు.

ఫ్యాక్షన్ చావులు

1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం తర్వాత కొన్నేళ్లపాటు తెలుగు తెరమీద దుష్టుడి చిరునామా రాయలసీమ అయిపోయింది. తెల్లచొక్కా, గుబురు మీసం, వేటకొడవలి, గాల్లోకి లేచే టాటా సుమోలు. ఈ రెండు చిత్రాల్లోనూ ప్రతినాయకుడు జయప్రకాశ్ రెడ్డి. కర్నూలు జిల్లావాడు కావడంతో ఆయన నోట సీమ యాస నాటకీయంగా కాక సహజంగా పలికింది. మిగతా చిత్రాల్లో విలన్లు మాట్లాడిన ‘సీమ భాష’ పులివెందులలో గానీ జమ్మలమడుగులో గానీ ఎవరూ మాట్లాడేది కాదు. ఇక్కడి ప్రేక్షకులు ఆ చావుల్ని చూసి నవ్వుకోవడానికి సగం కారణం అదే. మిగతా సగం కారణం అంత నవ్వొచ్చేది కాదు. నిజంగా కొట్లాటల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్లకు సుమో గాల్లో గిరికీలు కొట్టడం వినోదంగా కనిపించకపోవచ్చు. రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి లాంటి కథకులు ఈ చావుల గురించి రాసినప్పుడు సుమోలు లేవు, పంచ్ డైలాగులు లేవు.

వెక్కిరింత సినిమాలోంచే వచ్చింది. జయప్రకాశ్ రెడ్డి తర్వాతి చిత్రాల్లో తన భీకరమైన వేషాన్ని తానే హాస్యానికి వాడుకున్నారు. 2020 సెప్టెంబరులో కన్నుమూసేనాటికి ఆయన జనానికి భయం కంటే నవ్వుతోనే ఎక్కువ గుర్తున్నారు. 2010లో రాజమౌళి ‘మర్యాద రామన్న’ ఫ్యాక్షన్ పగను గడప దాటని హాస్యంగా మార్చింది. దానికి మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ. తమిళ ‘తమిళ్ పడం’ ఆధారంగా 2012లో వచ్చిన అల్లరి నరేశ్ ‘సుడిగాడు’ తెలుగు హిట్ సినిమాల పోరాటాలనూ పంచ్ డైలాగులనూ వరసబెట్టి వెక్కిరించింది. ఈటీవీలో 2013 ఫిబ్రవరిలో మొదలైన ‘జబర్దస్త్’ ఈ పనిని వారం వారం చేసే ఉద్యోగంగా మార్చింది. అక్కడి ఫ్యాక్షనిస్టు అట్ట కొడవలితో వస్తాడు, అది వంగిపోతుంది, చచ్చాక లేచి నాలుగు మాటలంటాడు. జుట్టుపోలిగాడికి ఇంతకంటే దగ్గరి వారసుడు లేడు. అన్ని స్కిట్లూ ఒకే నాణ్యతతో ఉన్నాయని మాత్రం ఎవరూ అనరు. ఆడవేషాల మీద, ఒంటి తీరు మీద వేసిన జోకులు చాలావరకు పాచిపోయాయి.

బంగళా, గొంతు

జమ్మలమడుగుకు ఉత్తరాన బనగానపల్లె దగ్గర నవాబుల పాత బంగళా ఒకటి కొండ పక్కన ఒంటరిగా ఉంటుంది. 2009 జనవరిలో వచ్చిన ‘అరుంధతి’ తర్వాత దాని పేరు జనం నోట అరుంధతి కోటగా మారిపోయింది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో సోనూ సూద్ వేసిన పశుపతి ఈ సినిమాలో ఒకసారి సమాధిలో మూతపడి చస్తాడు, తరాలు గడిచాక మళ్లీ లేచి ఇంకోసారి చస్తాడు. బంగళాకు వచ్చే కుర్రాళ్లు జుట్టు ముఖం మీదికి వేసుకుని మెట్ల మీద పశుపతిలా దొర్లడం, తోటివాళ్లు ఫోనులో తీయడం మామూలు దృశ్యం. ఇందులో అనుకరణకు దొరికిన అసలు సరుకు మొహం కాదు, గొంతు. ఆ గొంతు సోనూ సూద్‌ది కాదు, పి. రవిశంకర్‌ది. ‘బొమ్మాళీ’ అన్న ఆ ఒక్క పిలుపుతో ఆయన బొమ్మాళి రవిశంకర్ అయిపోయారు. పశుపతి మొహం మర్చిపోయినవాళ్లు కూడా చీకట్లో స్నేహితుణ్ణి భయపెట్టాలంటే ఆ పిలుపే అందుకుంటారు.

టీవీలో చావని దుష్టులు

సీరియల్ విలన్ చావు సినిమా విలన్ చావులా ఉండదు. సినిమాలో విలన్ చస్తే కథ ముగుస్తుంది. రోజువారీ సీరియల్లో విలన్ చస్తే రేపు కథ ఎలా నడుస్తుందన్నది సమస్య. స్టార్ మా ‘కార్తీకదీపం’ 2017 నుంచి 2023 జనవరి వరకు నడిచింది. అందులో శోభాశెట్టి వేసిన మోనిత ఆంధ్ర తెలంగాణల్లో ఇంటింటికీ తెలిసిన దుష్టురాలు. 2021లో ఆమె చనిపోయినట్టు కథలో నమ్మించి, హత్యానేరం కథానాయకుడు డాక్టర్ బాబు మీదికి నెట్టారు. తీరా చూస్తే మోనిత బతికే ఉంది. ఆ మలుపు మీద పుట్టిన మీమ్‌లలో వెక్కిరింతకు గురైంది చావు కాదు, చావలేకపోవడం. కథానాయిక వంటలక్క, డాక్టర్ బాబు పాత్రలను 2022లో ప్రమాదంలో చంపి మళ్లీ తెచ్చినప్పుడు కూడా అదే జరిగింది. సదాజప సంజీవని టీవీకి చేరేసరికి రేటింగు అయింది.

కరోనా లాక్‌డౌన్‌లో 2020 మార్చి 28 నుంచి దూరదర్శన్ రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను మళ్లీ ప్రసారం చేసింది. ఏప్రిల్ 16న ఒక్క రోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. 1987–88లో రావణుడిగా చచ్చిన అరవింద్ త్రివేది వృద్ధాప్యంలో తన పాత్రను తానే టీవీలో చూస్తున్న వీడియో ఆ రోజుల్లో చేతులు మారింది. ఆయన 2021లో మరణించారు.

పొలం గట్టు మీద

సెల్‌ఫోన్ కెమెరా వచ్చాక ఊరి కుర్రాళ్లే దర్శకులు. నెల్లూరు కుర్రాళ్లన్న పేరుతో కొందరు పిల్లలు 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’ పోరాట దృశ్యాన్ని షాట్ తర్వాత షాట్‌గా మళ్లీ తీశారు. అసలు సినిమాలో ఆ పోరాటం కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర జరిగినట్టు చూపించారు. పిల్లల దగ్గర క్రేన్లు లేవు, తాళ్లు లేవు. దెబ్బ తగలగానే దుమ్ము లేవాలంటే పిడికెడు మట్టి చల్లాలి. ఎగిరిపడాలంటే నిజంగానే ఎగరాలి. ఆ వీడియో సినిమా బృందం దాకా వెళ్లి మెప్పు పొందింది. మరుసటి ఏడు ‘వకీల్ సాబ్’ పోరాటాన్నీ వాళ్లు ఇలాగే తీశారు. వీటిని పేరడీ అనడం సరికాదు. వెక్కిరించాలన్న ఉద్దేశం ఇందులో లేదు. సాధనాలు లేకపోవడం వల్ల వచ్చిన నవ్వును దాచుకోకుండా, శ్రద్ధగా చేసిన నకలు ఇది. ఇలాంటి వీడియోల్లో హీరోకి ఒక్కడు చాలు, దెబ్బలు తిని పడేవాళ్లు పదిమంది కావాలి. కాబట్టి ఊళ్లో ఎక్కువమంది పిల్లలకు దక్కేది చచ్చే వేషమే. ఎంత వింతగా పడితే అంత పేరు.

టిక్‌టాక్‌ను 2020 జూన్ చివర నిషేధించడంతో ఈ సందడి చాలావరకు రీల్స్‌కు, యూట్యూబ్ షార్ట్స్‌కు మారింది. ఒకటి రెండు నిమిషాల్లో పడిపోవాలి కాబట్టి చావు ఇప్పుడు చాలా పొట్టిదైపోయింది. ఒకప్పుడు అర్ధరాత్రి మొదలై తెల్లవారుజామున చచ్చే దుర్యోధనుడు ఇప్పుడు పదిహేను సెకన్లలో తొడ పట్టుకుంటాడు.

కెమెరా లేకున్నా వీధిలో సాగే ఇంకో ఆట ఉంది. ఏ పార్టీ అయినా సరే, నిరసన తెలపాలంటే ఎదుటి నాయకుడి దిష్టిబొమ్మకు పాడె కట్టి, డప్పు వేసి, ఒకరు ముందు కుండ పట్టుకుని నడుస్తారు. కొందరు గుండెలు బాదుకుని ఏడుపు నటిస్తారు. కూడలిలో కిరోసిన్ పోసి అంటిస్తారు. పోలీసులు సగం కాలిన గడ్డిని లాక్కుంటారు. అంత్యక్రియలను వెక్కిరించే ఈ నాటకానికి రచయిత ఎవరూ లేరు, కానీ వేషాలన్నీ అందరికీ తెలుసు.

చచ్చినవాణ్ణే అనుకరించే ఈ లెక్కకు అందని కథ ఒకటి ప్రొద్దుటూరులో ఉంది. కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలో జరిగే దసరా జిల్లాలోని పెద్ద ఉత్సవాల్లో ఒకటి. తొమ్మిది రాత్రుల అలంకారాలు, తొట్టి మెరవణి చూడడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలివస్తాయి. వాసవి కథలో దుష్టుడు విష్ణువర్ధనుడు. పెనుగొండ మీదికి వచ్చి తల పగిలి చచ్చాడని కథనం. కానీ ఆ చావుకు గద లేదు, కుస్తీ లేదు, చంపినవాడు లేడు. దృశ్యమంతా వాసవి అగ్నిప్రవేశానిది. చేతికందే సంభాషణ గానీ, పడిపోయే భంగిమ గానీ ఇవ్వకుండా ఒక్క వాక్యంలో చచ్చిన రాజును అనుకరించాలంటే ఏ నటుడికైనా చేతులు ఖాళీగానే ఉంటాయి.